రెండు సంచులు, ఒక గ్లాసు

సైకిల్‌కి తగిలించుకునే సంచి ఒకటి కొనడానికి నాకు మూడు వారాలు పట్టింది. "నీ పెళ్ళికి చీరలు కొన్నప్పుడు కూడా ఇన్ని రోజులు పట్టలేదు కదరా" అంది అమ్మ. నిజమే, పట్టలేదు. చీరల విషయంలో నన్నెవరూ అడగలేదు కాబట్టి.

నేను చేయబోయింది పెద్ద సాహసం కూడా కాదు. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ 150 కిలోమీటర్లు. మొదటిరోజు ఎండ ముదరకముందే ఇబ్రహీంపట్నం దాటేయాలి, యాచారం, మాల్ మీదుగా సాయంత్రానికి ఎక్కడో ఒకచోట డేరా వేసుకోవాలి, మర్నాడు మల్లేపల్లి మీదుగా సాగర్ చేరుకోవాలి. అంతే. బస్సులో నాలుగు గంటల దారి. కానీ డేరా అన్నామంటే పక్క కావాలి, పక్క అంటే దుప్పటి, పొద్దున్నే టీ కావాలంటే స్టవ్. అవన్నీ పెట్టుకోవడానికి సంచి. సంచిని లీటర్లలో కొలుస్తారని నాకు అప్పుడే తెలిసింది. పాలలాగా, పెట్రోలులాగా.

ఈ సంచుల లోకంలో స్థూలంగా రెండు మతాలున్నాయి. పాత మతం పానియర్లది. వెనక చక్రం మీద క్యారియర్, దానికి రెండు వైపులా వేలాడే రెండు పెద్ద సంచులు. బరువంతా కింద, చక్రం ఇరుసుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి సైకిల్ నిలకడగా నడుస్తుంది. జత కలిపి 40 లీటర్లు పట్టడం మామూలు. కష్టాలూ ఉన్నాయి: సైకిల్ వెనక భాగం పొట్టిదైతే తొక్కే ప్రతిసారీ మడమ సంచికి తగులుతుంది, ఎదురుగాలిలో తెరచాప కట్టుకున్నట్టు ఉంటుంది, బరువంతా వెనక టైరు మీదే కాబట్టి పంక్చర్లూ దానికే.

కొత్త మతం పేరు బైక్‌ప్యాకింగ్. క్యారియరే ఉండదు. సీటు వెనక కొబ్బరిబోండంలా పొడుచుకొచ్చే సంచి ఒకటి, హ్యాండిల్‌కి చుట్టచుట్టి కట్టేది ఒకటి, ఫ్రేము మధ్యలోని త్రికోణంలో ఇరుక్కునేది ఒకటి. అన్నీ పట్టీలతో కట్టేవే. మట్టిరోడ్ల మీద గలగలమనవు, ఇరుకు దారుల్లో పట్టుకోవు. కానీ సీటు సంచిలో పది పదిహేను లీటర్లకు మించి పట్టదు, ఎక్కువ కుక్కితే కుక్కతోకలా అటూ ఇటూ ఊగుతుంది. త్రికోణం సంచి పెడితే నీళ్ళ సీసాలకు చోటు పోతుంది. ఈ మతంవాళ్ళు టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసుకుంటారని విని నవ్వుకున్నాను. తర్వాత నేనూ కోశాను, అది వేరే సంగతి.

నేను పానియర్లు కొన్నాను, 40 లీటర్లవి. సర్దడం మొదలుపెట్టాక ఒకటి గమనించాను. చేతిలోకి తీసుకున్న ప్రతి వస్తువూ 'ఒకవేళ' అనే మాటతోనే సంచిలోకి వెళ్తోంది. ఒకవేళ వాన పడితే. ఒకవేళ చైను తెగితే. ఒకవేళ హోటల్ దొరక్కపోతే, ఒకవేళ నీళ్ళు బాగోకపోతే, ఒకవేళ ఫోన్ ఆగిపోతే, ఒకవేళ కుక్కలు వెంటపడితే. కుక్కల కోసం ఒక కర్ర ముక్క. రెండు సంచులూ బాత్రూం త్రాసు మీద పెడితే 19 కిలోలు. అందులో నాలుగు కిలోలు నీళ్ళు, ఊరూరా బోరింగులున్న దారిలో.

మార్చిలో బయల్దేరాను. మాల్ దాటాక ఎండలో ఒక చెట్టుకింద ఆగాను. రోడ్డుకి అవతల చిన్న ఇల్లు, ముందు రేకుల పంచ. ఒక ముసలమ్మ బయటికొచ్చి చాలాసేపు నన్నూ సైకిల్‌నీ చూసింది. దగ్గరకొచ్చింది.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా గీ ఎండల?"

సాగర్ అని చెప్పాను. ఏ ఊరు మీది, ఏమోల్లు, తల్లిదండ్రులున్నరా, పెండ్లయిందా అని వరసగా అడిగింది. నేను వరసగా చెప్పాను. మాది నల్లగొండ దిక్కే, సాలోల్లం, ఉన్నరు, అయింది.

"ఇంట్ల కూసో రాదు. సల్ల తాగిపో. జర్రంత బువ్వ తిను."

"వద్దమ్మా, అన్నీ ఉన్నాయి నా దగ్గర" అన్నాను. అనడమే కాదు, సంచి మూత తెరిచి చూపించాను కూడా: నీళ్ళు, చపాతీలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఆమెకు నచ్చచెప్పాలని, ఇబ్బంది పెట్టకూడదని. ఆమె సంచిలోకి తొంగిచూసింది. "మంచిది బిడ్డా, అన్నీ తెచ్చుకున్నవ్" అని వెళ్ళిపోయింది. కోపంగా కాదు. పంచలో మంచం మీద కూర్చుని, నేను వెళ్ళేదాకా మళ్ళీ ఇటు చూడలేదు.

ఆ రాత్రి డేరాలో పడుకుని నేను పెట్టుకున్న టీ నేనే తాగుతూ ఆ తొంగిచూడడం గురించే ఆలోచించాను. 19 కిలోలు మోసి నేను సాధించింది, దారిలో ఎవరితోనూ నాకు పనిలేకుండా చేసుకోవడం. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ తలుపు వేసుకుని బతికినట్టే, ఆ తలుపుని రెండు ముక్కలు చేసి సైకిల్‌కి అటొకటి ఇటొకటి తగిలించుకుని వచ్చాను.

తిరిగొచ్చాక, అందరిలాగే, తక్కువ సామానుతో ఎక్కువ దూరం పోయినవాళ్ళ గురించి చదవడం మొదలుపెట్టాను. థామస్ స్టీవెన్స్ అనే ఆయన 1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి, ముందు చక్రం చాలా పెద్దదిగా ఉండే పాతకాలపు సైకిల్ మీద రెండున్నరేళ్ళకు పైగా ప్రపంచం చుట్టాడు. మన దేశంలో లాహోర్ నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద తొక్కాడు. ఆయన బయల్దేరినప్పటి సామాను ఇంతే: సాక్సులు, ఒక మారు చొక్కా, ఒక రెయిన్‌కోటు (అదే డేరా, అదే పక్క), ఒక రివాల్వర్. ఐర్లండు రచయిత్రి డెర్వ్లా మర్ఫీ 1963 జనవరి చలిలో బయల్దేరి ఇండియాకి ఒంటరిగా సైకిల్ మీద వచ్చేసింది. పదేళ్ళప్పుడు కన్న కల అది. ఆసియా రోడ్లకు తట్టుకోవని సైకిల్‌కున్న గేర్లు కూడా తీయించేసింది. కొద్దిపాటి సామాను, చిన్న పిస్తోలు.

వీళ్ళ ముందు నా 40 లీటర్లు సిగ్గనిపించాయి.

అప్పుడు గుర్తొచ్చాడు మా తాత. స్టీవెన్సూ మర్ఫీ దాకా పోనక్కర్లేదు అసలు. తాత మగ్గం మీద నేసినవి, పక్కవాళ్ళు నేసినవి, చీరలూ తువ్వాళ్ళూ సైకిల్ మీద వేసుకుని నల్లగొండ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి అమ్మేవాడు. క్యారియర్‌కి రెండు వైపులా రెండు గోనెసంచులు, పైన అడ్డంగా ఒక మూట. పాత ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో కట్టేవాడు, ఇప్పుడు అవే పట్టీలు రంగులేసి వందల రూపాయలకు అమ్ముతున్నారు. మా నాయనమ్మ ఆ గోనెల జతని 'పెరిక' అనేది. ఎద్దు వీపు మీద రెండు పక్కలా వేలాడేసే గోనెకి పాత పేరది. ఇంగ్లీషువాళ్ళ పానియర్ కూడా రొట్టెలబుట్ట అనే లాటిన్ మాటలోంచే వచ్చిందట. ఎద్దు పోయి సైకిల్ వచ్చింది, సంచి అదే.

తాత పెరికలో తన కోసం ఉండేవి ఒక దుప్పటి, ఒక చెంబు. మిగతా అంతా సరుకు. తిండి తీసుకెళ్ళేవాడు కాదు. చీకటి పడితే ఎవరింటి అరుగు మీదో పడుకునేవాడు. 'అరుగు మీద పడుకుంటానమ్మా' అని ఇంటావిడకి వినపడేలా ఒక మాట అనడం, అంతేనట. లోపలినుంచి రొట్టే, పచ్చడీ అవే వచ్చేవి. ఇప్పుడు ఏ ఊళ్ళోనూ కొత్త ఇళ్ళకు అరుగులు లేవు. కాంపౌండ్ గోడ, గేటు. అరుగు లేదు కాబట్టే నేను రెండు కిలోల డేరా మోస్తున్నాను అని డైరీలో రాసుకుని మురిసిపోయాను కూడా.

సరే, నేనూ మతం మారాను. పానియర్లు అటక మీదికి. సీటు వెనక 14 లీటర్ల సంచి, హ్యాండిల్‌కి ఒక చుట్ట. డేరా లేదు, ఒక టార్పాలిన్ షీటు, తాడు. స్టవ్ లేదు. నీళ్ళు ఒక్క సీసా. మొత్తం ఆరున్నర కిలోలు. జూలైలో మళ్ళీ అదే దారి పట్టాను. సైకిల్ ఎగిరినట్టు పోయింది. ఎత్తెక్కేటప్పుడు పాట కూడా పాడాను.

మల్లేపల్లి దాటాక వాన పట్టుకుంది. టార్పాలిన్ రెండు తుమ్మచెట్లకు కట్టాను, గాలి దాన్ని పావుగంటలో విప్పేసింది. చీకటిలో తడిసి ముద్దయి ఒక ఇంటి తలుపు తట్టాను. ఒక గది, ఒక వంట మూల, తలుపు దగ్గర మేకలు. ఇంటాయన లాంతరు ఎత్తి చూశాడు. ఎవరు, ఎక్కడినుంచి, ఏమోల్లు అని అడిగి లోపలికి రమ్మన్నాడు. ఆయన భార్య రొట్టెలు చేసింది, పచ్చిపులుసు పెట్టింది. ఇంతకంటే రుచైన తిండి నేను తినలేదని ఇప్పటికీ అంటాను. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నులకమంచం నాకు వేశారు, మందపాటి దుప్పటి ఇచ్చారు. నేను ఒక్కసారి వద్దని, రెండోసారి సరేనని పడుకున్నాను.

నడిరాత్రి మెలకువొచ్చింది. వాన తగ్గలేదు. కిందికి చూస్తే, ఆయనా ఆమే ఏడెనిమిదేళ్ళ పిల్లవాడూ యూరియా సంచులు పరిచిన నేల మీద ఒకే పల్చటి దుప్పటి కింద ముడుచుకుని ఉన్నారు. గోడ చెమ్మగిల్లి నేలంతా చల్లగా ఉంది. పిల్లవాడు దగ్గుతున్నాడు. నేను కప్పుకున్నది వాళ్ళ ముగ్గురిదీ.

దిగి ఇచ్చేయాల్సింది. ఇవ్వలేదు. లేపితే నొచ్చుకుంటారని నాకు నేను చెప్పుకుని కళ్ళు మూసుకున్నాను. పొద్దున్నే 500 రూపాయలు ఇవ్వబోతే ఆయన ముఖం మాడిపోయింది. పిల్లాడి చేతిలో పెడితే వాడు తండ్రి వైపు చూసి తిరిగిచ్చేశాడు.

ఈ ఆరున్నర కిలోల లెక్కలో ఎక్కడో తేడా ఉందని ఆ రోజంతా అనిపిస్తూనే ఉంది. నేను ఇంట్లో వదిలేసి వచ్చిన బరువు మాయమైపోలేదు. నా దుప్పటి నేను తెచ్చుకోలేదు కాబట్టి ఒక పిల్లవాడు తన దుప్పటి లేకుండా పడుకున్నాడు. తాతకి అరుగు ఇచ్చినవాళ్ళకి తాత మళ్ళీ నెల వచ్చేవాడు, అప్పు మీద చీర ఇచ్చేవాడు, పెళ్ళికి పిలిస్తే వెళ్ళేవాడు. ఆ రొట్టె ఒక రాకపోకల లెక్కలో ఉండేది. నేను మళ్ళీ ఎప్పుడు వెళ్తాను ఆ ఇంటికి? ఆ ఊరి పేరైనా అడిగానా?

ఇంత ఆలోచించినవాణ్ణి, ఇంటికొచ్చాక ఏం చేశాను? వానా లాంతరూ పచ్చిపులుసూ కలిపి, మనుషుల మీద నమ్మకం గురించి ఒక పోస్టు రాసి పెట్టాను. దుప్పటి సంగతి రాయలేదు. బాగానే చదివారు జనం. కిందనే నా స్నేహితుడొకడు ఒక్క ముక్క రాశాడు: "నెక్స్ట్ టైమ్ నేనూ వస్తా."

వచ్చాడు. డిసెంబర్‌లో. మాకు ఇంజనీరింగ్ నుంచీ స్నేహం. వాడి సైకిల్ చూసి నేను పగలబడి నవ్వాను. వెనక రెండు పానియర్లు, ముందు ఫోర్కుకి మరో రెండు, పైన డేరా. పాతిక కిలోలు తక్కువుండదు. అన్నిటికీ పైన, బయటికి కొక్కేనికి వేలాడుతూ ఒక స్టీలు గ్లాసు. గుంత వచ్చినప్పుడల్లా ఫ్రేముకి తగిలి టింగుమంటోంది.

"ఇదెన్ని గ్రాములు?" అన్నాను, టూత్‌బ్రష్ కోసుకున్నవాడి అహంకారంతో.

"తూచలే" అన్నాడు.

మాల్ దగ్గర టీకొట్టు ముందు ఆగాం. వాడు దిగి కొక్కెం తీసి, తన గ్లాసు అందించి ఇందులో పొయ్యమన్నాడు. కొట్టాయన మామూలుగా పోశాడు, పట్టించుకోలేదు కూడా. నేను కాగితం కప్పులో తాగుతూ, పర్యావరణమా అని అడిగాను. వాడు కాసేపు నన్నే చూశాడు.

"నీ పోస్టులో ఒకటి రాసినవ్ చూడు, పల్లెటూరి పలకరింపు ఎంత ఆత్మీయంగ ఉంటది, ఊరూ పేరూ కులం అన్నీ అడిగి లోపలికి పిలిచిండు అని."

"అవును."

"కులం అడిగినంక కదా పిలిచింది?"

నా దగ్గర జవాబు లేదు. నిజంగా లేదు. ముసలమ్మ అడిగినప్పుడూ, లాంతరాయన అడిగినప్పుడూ సాలోల్లం అని చెప్పడానికి నాకు అర సెకను కూడా పట్టలేదు. చెప్పానన్న సంగతి గుర్తు కూడా లేదు. రైలు టికెట్ చూపించి జేబులో పెట్టుకున్నట్టు, అంతే.

వాడు ఆవేశపడలేదు, మామూలుగానే చెప్పాడు. వాళ్ళ నాన్న చిన్నప్పుడు ఊళ్ళో హోటల్ చూరులో వీళ్ళ వాడ వాళ్ళకని గ్లాసులు వేరే ఉండేవట. తీసుకుని, పైనుంచి పోయించుకుని, బయట నిలబడి తాగి, కడిగి మళ్ళీ చూర్లోనే పెట్టాలి. ఇప్పుడంతా కాగితం కప్పులే, సమస్య లేదు. "కానీ నేను వానలో రాత్రిపూట పోయి ఒకరి తలుపు కొట్టను. ఏమోల్లు అని అడుగుతే అబద్ధం చెప్పాల్నా, నిజం చెప్పి వాళ్ళ మొఖం చూస్కుంట నిలబడాల్నా? రెండూ నాతోని కాదు. డేరా తెచ్చుకుంటే ఆ పరీక్షే ఉండదు. రెండు కిలోలు ఎక్కువ, అంతే కదా."

అంతే కదా అన్నాడు. నాకు 19 కిలోలు భయం. వాడికి పాతిక కిలోలు స్వేచ్ఛ. ఒకే సంచి, ఒకే కంపెనీ, ఒకే 40 లీటర్లు.

నేను దాటేసి చదివినవి అప్పుడు మళ్ళీ కళ్ళముందుకొచ్చాయి. మర్ఫీ సంచిలోని పిస్తోలు. ఆమె దాన్ని ఊరికే తెచ్చుకోలేదు. యుగోస్లావియాలో తోడేళ్ళ మీదా, తర్వాత తుర్కీలో రాత్రి గదిలోకి వచ్చినవాణ్ణి బెదరగొట్టడానికీ వాడాల్సివచ్చింది. ఆడమనిషి ఒంటరిగా తేలిగ్గా ప్రయాణం చేయాలంటే అంత ఇనుము మోయక తప్పలేదు. మా ఆఫీసులో ఒకమ్మాయి మాతోపాటు సైకిల్ తొక్కుతుంది. డేరా వేసుకోవడం ఇష్టం అంటూనే ప్రతిసారీ లాడ్జి బుక్ చేసుకుంటుంది, తాళానికి మళ్ళీ తన తాళం ఒకటి తెచ్చుకుంటుంది. ఆమె సంచి బరువులో ఆ తాళం కూడా ఉంటుంది. స్టీవెన్స్ సంగతి సరేసరి. 1886లో గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద తెల్లవాడికి డాక్‌బంగళాలుంటాయి, వండిపెట్టేవాళ్ళుంటారు. ఒక మారు చొక్కాతో రాగలిగాడంటే మిగతా సామాను ఒక సామ్రాజ్యం మోసింది.

ఆ సాయంత్రం ఒక ఊరి బడి వరండాలో, హెడ్మాస్టరుగారిని ముందే ఫోన్లో అడిగి, డేరాలు వేసుకున్నాం. వాడు ఆ ఫోన్ నాచేతే చేయించాడు. వాడి స్టవ్ మీద ఉప్మా చేశాడు. తింటూ అంబేడ్కర్ చిన్నప్పటి ప్రయాణం ఎత్తాడు, 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నది. 1901 వేసవి సెలవులు. అన్న, ఇద్దరు మేనల్లుళ్ళు, తొమ్మిదిపదేళ్ళ అంబేడ్కర్. మసూర్ స్టేషన్‌లో దిగి తండ్రి పనిచేసే గోరేగావ్‌కి పోవాలి. మహర్ పిల్లలని తెలిశాక బండివాళ్ళెవరూ రామన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, కానీ బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు. వాళ్ళ దగ్గర బుట్టనిండా తిండి ఉంది. దారిలో నీళ్ళిచ్చేవాళ్ళు లేరు. నీళ్ళు లేకుండా ఆ తిండి దిగదు. రాత్రంతా ఆకలితోనే పడుకున్నారు.

"నువ్వు నాలుగు లీటర్ల నీళ్ళు మోసినందుకు సిగ్గుపడ్డవ్ కదా" అన్నాడు వాడు, గిన్నె తుడుస్తూ. "అప్పుడు ఆ పిల్లలు మోసుకుంటే బాగుండు."

నేను అప్పటిదాకా సంచి ప్రశ్నని ఇలా వేసుకున్నాను: మనిషికి నిజంగా ఎంత కావాలి? తత్వశాస్త్రంలో గౌరవనీయమైన ప్రశ్నే. వేదాంతులూ, సన్యాసులూ, ఈమధ్య ఇల్లు సర్దడం నేర్పే యూట్యూబర్లూ అందరూ అడిగేదే. ఇందులో 'మనిషి' ఎవరన్నది ఎవరూ చెప్పరు. తలుపు తడితే తెరుచుకునే మనిషా, తెరుచుకోని మనిషా? తక్కువతో బతకడం గొప్ప గుణం అని మనం పొగిడేటప్పుడు, ఆ తక్కువకి అవతల మిగిలింది ఇచ్చేవాళ్ళు ఎవరికి ఇస్తున్నారో చూడం. జార్ఖండ్‌లో సైకిల్ మీద రెండు వందల కిలోలకు పైన బొగ్గు బస్తాలు కట్టుకుని తొక్కలేక నెట్టుకుంటూ పోయేవాళ్ళున్నారు. మితంగా ఉండమని వాళ్ళకెవరూ చెప్పరు. ఆ సలహా 14 లీటర్లవాళ్ళ మధ్యే తిరుగుతుంది.

అలాగని వాడి పాతిక కిలోలే సరైన జవాబు అనడానికి కూడా నాకు నోరు రావట్లేదు. మర్నాడు సాగర్‌లో లాంచి ఎక్కి నాగార్జునకొండకి వెళ్ళాం. తవ్వకాల్లో బయటపడ్డవాటిలో కొన్ని డ్యామ్ నీళ్ళు రాకముందే పైకి చేర్చి నిలబెట్టిన కొండ అది. అక్కడ విహారాల పునాదుల మధ్య తిరుగుతుంటే భిక్షువుల సామాను గుర్తొచ్చింది. బౌద్ధ భిక్షువుకి అనుమతించినవి ఎనిమిది: మూడు చీవరాలు, పాత్ర, నడుముకి కట్టుకునే పట్టీ, క్షురకత్తి, సూది, నీళ్ళు వడకట్టుకునే గుడ్డ. సూది ఉండడం నాకెప్పుడూ నచ్చుతుంది, అది వాళ్ళ పంక్చర్ కిట్టు. రెండో పాత్ర దొరికితే పది రోజులకు మించి దగ్గర ఉంచుకోకూడదని నియమం. కానీ ఆ పాత్ర అన్నం మోయడానికి కాదు, అడగడానికి. అది ఖాళీగా ఉండడమే దాని పని. పైగా భిక్షకి వెళ్ళేటప్పుడు మంచి తిండి దొరికే ఇళ్ళని ఏరుకోకుండా, మధ్యలో ఒక్క ఇల్లూ వదలకుండా వరసగా వెళ్ళడం ఒక ధుతాంగ వ్రతం.

ఏ ఇల్లూ వదలకుండా అంటే ఏ కులం ఇల్లూ వదలకుండా అని కూడా కదా అన్నాను. వాడు అక్కడి రాయి మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఆ పాత్ర పట్టుకుని మా తాత పోతే?" మళ్ళీ తనే అన్నాడు: "పోయేవాడేమో. ఆయన పోదామనుకున్నట్టే ఉంటది, సంగం ఉంటే." ఇద్దరం లాంచి హారన్ కొట్టేదాకా అక్కడే కూర్చున్నాం.

ఇప్పుడు నా దగ్గర ఉన్న సంచులు కొన్నవి కావు, కుట్టించినవి. మంచి సంచుల చరిత్రలో దర్జీలు చాలామందే ఉన్నారు. ఓర్ట్‌లీబ్ అనే జర్మన్ కుర్రాడు 1980ల మొదట్లో ఇంగ్లండు వానల్లో సైకిల్ తొక్కుతూ, పక్కనుంచి పోతున్న లారీ టార్పాలిన్ చూసి, లోపల సరుకు తడవట్లేదు కదా అని అదే గుడ్డతో సంచులు కుట్టాడు. ఇవాళ అందరూ వాడే, మూత చుట్టచుట్టి బిగించే పానియర్లు ఆ వంశమే. అంతకుముందు 1932 నుంచీ ఇంగ్లండులోనే నెల్సన్ అనే ఊళ్ళో క్యారడైస్‌వాళ్ళు మందపాటి నూలు గుడ్డకి మైనం పట్టించి సంచులు కుడుతున్నారు. వానకి నూలు ఉబ్బి కన్నాలు మూసుకుంటాయి, నీళ్ళు లోపలికి పోవు. లోపలి లేబుల్ మీద ఆ సంచి కుట్టిన మనిషి చేతిసంతకం ఉంటుంది. నేతగాడి మనవణ్ణి కాబట్టి నాకు ఈ రెండోదే ఇష్టం. కానీ దాని ధరకి ఇక్కడ పాత సైకిలే వస్తుంది.

అందుకని సికింద్రాబాద్‌లో ఆటోలకు సీటు కవర్లు కుట్టే ఒకాయన దగ్గరికి లారీ పట్టా ముక్క తీసుకుని వెళ్ళాను. కొలతలు గీసి ఇచ్చాను, ఒక్కోటి 15 లీటర్లు వచ్చేలా. ఆయన పెన్సిలు చెవిలో పెట్టుకుని, "ఏం పెడతారు సార్ దీంట్లో?" అన్నాడు. కుట్టు ఎంత గట్టిగా వేయాలో తెలియడానికి అడిగాడు పాపం. నేను మాత్రం ఠక్కున చెప్పలేకపోయాను. మూడు ప్రయాణాలైనా.

చెప్పింది ఇదీ: డేరా, ఒక సీసా నీళ్ళు, బియ్యమూ పప్పూ ఒక పూటకి నలుగురికి సరిపడా, దుప్పట్లు రెండు. రెండెందుకు అని ఆయన అడగలేదు. అడిగుంటే చెప్పేవాణ్ణి, రెండోది ఆ పిల్లవాడికని. మల్లేపల్లి అవతల ఆ ఇల్లు గుర్తుపట్టగలననే అనుకుంటున్నాను, మేకలుంటే. దుప్పటి ఒకటి పట్టుకెళ్ళి ఇస్తే తీసుకుంటారా, 500 రూపాయలప్పటిలాగే ఆయన ముఖం మాడిపోతుందా, తెలియదు.

ఒక స్టీలు గ్లాసు కూడా కొన్నాను. కొక్కేనికి తగిలించి ఫోటో తీసి వాడికి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"నీకెందుకురా గ్లాసు?"

"నీకు తోడుగా."

"తోడెందుకు, తీసెయ్. నువ్వు వాళ్ళ గ్లాసుల్నే తాగు." కాసేపు ఆగాడు. "తాగి, అదే గ్లాసుల వీనికి కూడ పొయ్యమ్మా అని అడుగు. అడగగలవా?"

అడుగుతానని వెంటనే అనేశాను. ఫోన్ పెట్టేశాక ఆ మాట ముసలమ్మ పంచలో నిలబడి అంటున్నట్టు ఊహించుకున్నాను. ఆమె మొదటిసారి నన్ను అడిగినవన్నీ మళ్ళీ వరసగా వాణ్ణి అడుగుతున్నట్టు కూడా.

వచ్చే నెల మళ్ళీ సాగర్ రోడ్డే. సంచులు కుట్టడం అయిపోయింది, గ్లాసు వంటింట్లో ఉంది. మాల్ దాటాక ఆ చెట్టుకింద ఆగాలా వద్దా అన్నది మేమింకా మాట్లాడుకోలేదు.